రిడక్షన్ లైనోకట్‌లో రంగులు చెడుతుంటే: ఒక్కో పొరకీ ఏం చూడాలి, ఎలా సరిచేయాలి

లైనోకట్ అంటే లినోలియం (లైనో) బ్లాక్‌ను చెక్కి, మిగిలిన భాగానికి ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీయడం. ఒకే రంగు లైనోకట్‌కి నల్ల ఇంకు, మంచి కాగితం, కాస్త చేతి ఒత్తిడి ఉంటే పని అయిపోతుంది. తంటా అంతా నాలుగైదు రంగుల రిడక్షన్‌కి వచ్చాకే. "పసుపు మీద నీలం పట్టట్లేదు", "మూడో రంగుకే అంతా బురద రంగు అయిపోయింది", "వారమైనా ఆరలేదు" అని చాలామంది అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒక వరుసలో పెట్టి రాస్తున్నాను.

రిడక్షన్‌లో బ్లాక్ ఒకటే. ఒక రంగు వేశాక కొంత చెక్కి, అదే బ్లాక్‌తో తర్వాతి రంగు వేస్తాం. చెక్కింది మళ్లీ అతకదు. అంటే ఇంకులో వచ్చిన ఏ తేడానైనా తర్వాతి చెక్కుడు మొదలుపెట్టకముందే పట్టుకోవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు మీ చేతిలో ఉన్న సరుకేంటో తేల్చుకోండి

డబ్బా మీద "బ్లాక్ ప్రింటింగ్ ఇంక్" అని ఉంటే సరిపోదు. అది నూనె రకమా, నీటి రకమా, సబ్బునీళ్లకి పోయే నూనె రకమా చూడండి. నీటి ఇంకులో నీరు ఆవిరైపోతే చాలు, ఆరిపోతుంది. నూనె ఇంకు అలా ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి. అందుకే గాలి ఆడని గదిలో నూనె ఇంకు రోజుల తరబడి జిగురుగానే ఉంటుంది.

మన దగ్గర చాలామంది విద్యార్థులు ప్రింటింగ్ ప్రెస్ సరుకులమ్మే షాపుల్లో దొరికే ఆఫ్‌సెట్ ఇంకు వాడతారు. తప్పేమీ లేదు, చవక కూడా. కానీ అందులోని పసుపు, మెజెంటా, సయాన్ పారదర్శకంగా ఉండేలా చేసినవి. కింది రంగును కప్పవు, దానితో కలిసి మూడో రంగును చూపిస్తాయి. అది తెలిసి వాడితే వరం, తెలియక వాడితే బురద.

ఇంకో జాగ్రత్త. ఫ్లోరింగ్ షాపులో "లినోలియం" అని అమ్మేది ఎక్కువగా పీవీసీ వినైల్. చెక్కొచ్చు, అచ్చు వేయొచ్చు. కాకపోతే అసలు లైనో పట్టినట్టు ఇంకును పట్టదు. అసలు లైనోకి వెనక జనపనార బట్ట ఉంటుంది, అవిసె నూనె వాసన వస్తుంది.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

- అన్ని పొరలకూ ఒకే రకం ఇంకు ఉందా? మొదటి పొర నూనెది, రెండోది నీటిది అయితే రెండోది చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.
- బ్లాక్ మీద 400 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, పొడిబట్టతో దుమ్ము తుడిచారా?
- పది ప్రింట్లు కావాలంటే కనీసం పద్నాలుగు కాగితాలు కోశారా? రిడక్షన్‌లో తర్వాత కలపడానికి వీలుండదు.
- అదే కాగితం ముక్కలు మరో నాలుగైదు, కేవలం పరీక్షలకి, పక్కన పెట్టారా?
- కాగితం ప్రతిసారీ ఒకే చోట కూర్చునేలా మూలల్లో గుర్తులు గానీ పిన్నులు గానీ ఉన్నాయా?

నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోరు. కింద చెప్పబోయే పరీక్షల్లో సగం ఆ ముక్కల మీదే చేయాలి.

2. రంగుల వరుసను కాగితం మీద తేల్చుకోండి, బ్లాక్ మీద కాదు

లేత రంగు నుంచి ముదురు రంగుకి వెళ్లాలన్నది అందరికీ తెలిసిన సూత్రమే. అయితే అది ఒక్కటే చాలదు. పై రంగు కింది రంగును కప్పుతుందా, కప్పదా అన్నది కూడా తెలియాలి.

దానికి చిన్న పరీక్ష ఉంది. తెల్ల అట్ట మీద పర్మనెంట్ మార్కర్‌తో నల్ల గీత గీసి ఆరనివ్వండి. దాని మీద ఇంకు కలిపే కత్తితో ఇంకును పల్చగా లాగండి. గీత స్పష్టంగా కనిపిస్తే ఇంకు పారదర్శకం. మసకబారితే సగం కప్పేది. ఈ పరీక్ష ప్రతి డబ్బాకీ ఒకసారి చేసి, మూత మీద రాసి పెట్టుకోండి.

ఉదాహరణకి సాయంకాలం చెరువు బొమ్మ అనుకుందాం. పసుపు, నారింజ, ఎరుపు, ముదురు గోధుమ అనే వరుసలో పెద్దగా ఇబ్బంది రాదు, ఎందుకంటే ప్రతి రంగూ ముందుదాన్ని కలుపుకుని ముదురుతుంది. అదే బొమ్మలో నీళ్లు నీలంగా కావాలనుకుంటే చిక్కు వస్తుంది. పసుపు మీద పారదర్శక నీలం వేస్తే ఆకుపచ్చే వస్తుంది. ఇక్కడ రెండు దారులున్నాయి. మొదటిది, నీలంలో తెల్ల ఇంకు కలిపి కప్పే గుణం పెంచడం. రెండోది, పసుపు వేసేటప్పుడే నీళ్ల భాగం మీద పల్చటి కాగితం కోసి పరచి, అక్కడ పసుపు పడకుండా చూడటం. నేనైతే రెండోదే చేస్తాను. తెలుపు కలిపిన నీలం ఎప్పుడూ కాస్త సున్నం కొట్టినట్టే ఉంటుంది.

ఎరుపు మీద ఆకుపచ్చ, నారింజ మీద నీలం లాంటి ఎదురెదురు రంగులు ఒకదానిమీద ఒకటి పడితే బూడిద, గోధుమ రంగుల్లోకి పోతాయి. అది మీకు కావాల్సిన చోటే పడేలా ముందే చూసుకోండి.

3. ఇంకు కలపడం, పరచడం

లేత రంగును గాజు పలక మీద వేసి, ముదురు రంగును కత్తి కొనతో కొద్దికొద్దిగా కలపండి. తిరగేసి కలిపితే లేత రంగు డబ్బా ఖాళీ అయిపోతుంది గానీ కావాల్సిన ఛాయ రాదు. అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు కలుపుకోండి. సగం ప్రింట్లయ్యాక మళ్లీ కలిపితే అదే రంగు రావడం కష్టం.

కుప్పగా ఉన్నప్పుడు కనిపించే రంగును నమ్మొద్దు. ప్రింటులో పడేది పల్చటి పొర. వేలితో కాస్త ఇంకు తీసుకుని, అసలు కాగితం ముక్క మీద పలచబడేదాకా తట్టండి. అప్పుడు కనిపించేదే మీ రంగు. రెండో పొర నుంచి ఈ పరీక్షను తెల్ల కాగితం మీద చేయకండి, కింది రంగు వేసి ఆరిన ముక్క మీదే చేయండి.

చిక్కదనం మాటకొస్తే, కత్తితో ఇంకును పైకెత్తి చూడండి. వెంటనే జారిపోతే పలుచన, అసలు కదలకుండా అంటుకుపోతే బిగుసు. పలుచనగా ఉంటే మెగ్నీషియం కార్బొనేట్ పొడి చిటికెడు వేసి కత్తితో బాగా నూరండి. బిగుసుగా ఉంటే మరిగించిన అవిసె నూనె, అంటే ప్లేట్ ఆయిల్, చుక్కచుక్కగా కలపండి. ఏది కలిపినా కొద్దిగా కలిపి, రోలర్ తిప్పి చూసి, అప్పుడే మళ్లీ కలపండి.

గాజు పలక మీద రోలర్ తిప్పేటప్పుడు చూపుకంటే చెవే ముఖ్యం. సన్నగా, ఒకే తీరున "స్‌స్" మని వినిపిస్తూ ఇంకు పైపొర ముఖమల్‌లా నున్నగా కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. చటచటమని తడి చప్పుడు వచ్చి, పైన నారింజ తొక్క మీద ఉన్నట్టు గుంటలు కనిపిస్తే ఇంకు ఎక్కువైంది. ఎక్కువైన ఇంకును రోలర్‌తోనే పలక మరో మూలకి తీసేయండి, బ్లాక్ మీదకి తీసుకెళ్లకండి. ఒకేసారి మందంగా పూయడం కన్నా రెండు మూడు పల్చటి పూతలు పూయడం ఎప్పుడూ మేలు.

4. ప్రింటంతా తెల్ల చుక్కలు వస్తుంటే

ఇది చూడగానే ఇంకు పెంచేస్తారు. ఆగండి. వరసగా రెండు ప్రింట్లు తీసి పక్కపక్కన పెట్టండి.

- చుక్కలు ప్రతి ప్రింటులోనూ ఒకే చోట ఉంటే, అక్కడ బ్లాక్ పల్లంగా ఉంది. ఇంకు పెంచినా పోవు. బ్లాక్ వెనక ఆ చోట పల్చటి కాగితం ముక్కలు ఒకటి రెండు అంటించి ఎత్తు పెంచండి.
- ప్రింటు ప్రింటుకీ చుక్కలు చోటు మారుతుంటే, ఇంకు చాలలేదు లేదా ఒత్తిడి చాలలేదు. ముందు ఒత్తిడి పెంచండి. చెంచాతో రుద్దేవాళ్లయితే చిన్న వలయాల్లో, మరికాస్త ఓపిగ్గా రుద్దండి. అప్పటికీ పోకపోతే ఇంకో పల్చటి పూత.
- కొత్త బ్లాక్‌తో మొదటి రెండు మూడు ప్రింట్లు ఇలా రావడం మామూలే. బ్లాక్ ఇంకు తాగేదాకా వాటిని వార్తాపత్రిక మీద తీసేయండి.
- ఆరి మెరుస్తున్న కింది పొర మీదే చుక్కలు వస్తుంటే సంగతి వేరు. ఆరో భాగం చూడండి.

గరుకు చేతితయారీ కాగితం మీద చేత్తో రుద్దితే కొన్ని చుక్కలు ఉండే తీరతాయి. అది నచ్చకపోతే కాగితమే మార్చండి.

5. సన్న గీతలు పూడిపోతుంటే

ఇంకు ఎక్కువైనా, పలుచనైనా, రోలర్‌ను గట్టిగా నొక్కినా గీతలు నిండిపోతాయి. అచ్చు పడిన ఆకారాల చుట్టూ ముదురు అంచు కనిపించినా కారణం అదే. ఒత్తిడికి ఇంకు అంచులకి పిండుకుపోయింది.

పని ఆపి బ్లాక్ మొత్తం కడిగేయనక్కర్లేదు. కొత్తగా ఇంకు పూయకుండా రెండు మూడు సార్లు వార్తాపత్రిక మీద అచ్చు తీసేస్తే ఎక్కువైనదంతా పోతుంది. ఇంకా గీతల్లో మిగిలితే మెత్తటి టూత్‌బ్రష్‌తో తీసేయండి. ఆ తర్వాత ఇంకులో కాస్త మెగ్నీషియం కార్బొనేట్ కలిపి మళ్లీ మొదలుపెట్టండి.

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో పొద్దున సరిగ్గా ఉన్న ఇంకే పలుచనై కూర్చుంటుంది. ఎండాకాలంలో పొద్దున్నే ప్రింట్లు తీసేయడం మంచిది.

6. పై పొర పట్టకపోతే

అన్నిటికన్నా ఎక్కువ ప్రింట్లు పాడయ్యేది ఇక్కడే. పైకి ఒకేలా కనిపించే ఈ సమస్యకి పరస్పరం వ్యతిరేకమైన రెండు కారణాలుంటాయి. తప్పు మందు వేస్తే ఇంకా చెడుతుంది.

మొదటి కారణం, కింది పొర ఇంకా తడిగా ఉండటం. కాగితం ఎత్తేటప్పుడు చర్‌మని గట్టిగా అంటుకుని లేస్తుంది. బ్లాక్ మీద చూస్తే కింది పొర రంగు మరకలు కనిపిస్తాయి. పై రంగు అతకడం పోయి, కింది రంగే ఊడి వస్తోందన్నమాట.

రెండోది, కింది పొర మరీ ఎక్కువ ఆరి, గాజులా మెరుస్తూ గట్టిపడటం. ఇక్కడ బ్లాక్ శుభ్రంగానే ఉంటుంది. కాగితం మీద మాత్రం కొత్త ఇంకు పరుచుకోకుండా చిన్న చిన్న బొట్లుగా ముడుచుకుంటుంది.

ఏదో తేల్చుకోవడానికి పరీక్ష ముక్క మీద పల్చటి తెల్ల కాగితం పెట్టి చెంచా వెనకభాగంతో గట్టిగా రుద్దండి. రంగు స్పష్టంగా అంటితే తడి. మసకగా నీడలా అంటితే తర్వాతి పొరకి సరైన సమయం. అసలేమీ అంటకుండా, పొర మెరుస్తుంటే బాగా గట్టిపడినట్టు.

*తడిగా ఉంటే:* ఆగడమే మొదటి మందు. దండేనికి క్లిప్పులతో విడివిడిగా వేలాడదీసి ఫ్యాన్ వేయండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో, మామూలుగా రెండు మూడు రోజుల్లో ఆరేది వారం దాకా తీసుకున్నా ఆశ్చర్యపోవద్దు. ఆ లెక్కతోనే పని మొదలుపెట్టండి. ఎగ్జిబిషన్‌కి నాలుగు రోజుల ముందు ఐదు రంగులు మొదలుపెట్టి టెన్షన్ పడితే ఇంకు వినదు.

ఆగలేని పరిస్థితి వస్తే తడి మీద తడి వేయొచ్చు, ఒక షరతుతో. పై ఇంకు కింది ఇంకు కన్నా జిగట తక్కువగా, కాస్త మెత్తగా ఉండాలి. ప్లేట్ ఆయిల్ కలిపి మెత్తబరచండి. గట్టి ఇంకు నూనె ఎక్కువున్న మెత్తటి ఇంకు మీద నిలవదు. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి, తోటి కళాకారులతో కలిసి, పారిస్‌లోని అటెలియర్ 17 అనే ప్రింట్ స్టూడియోలో విస్కాసిటీ ప్రింటింగ్‌ను అభివృద్ధి చేసింది ఈ గుణాన్నే పట్టుకుని. అక్కడ ఇంకులు ఒకదాన్నొకటి తోసేయడమే కావాలి, ఒకే అచ్చు పలక మీద పలు రంగులు కలవకుండా నిలిచేది అందుకే. మనకి కావాల్సింది అతకడం గనక సూత్రాన్ని తిరగేసి వాడుకుంటాం.

*గట్టిపడి మెరుస్తుంటే:* మెత్తటి పొడిబట్టతో మెగ్నీషియం కార్బొనేట్‌ను ఆ పొర మీద తేలిగ్గా రాసి, మొత్తం దులిపేయండి. మెరుపు తగ్గుతుంది, కొత్త ఇంకుకి పట్టు దొరుకుతుంది. పై ఇంకులో రెండు చుక్కల ప్లేట్ ఆయిల్ కలిపి జిగట తగ్గించండి. పల్చగా ఒకసారి అచ్చు వేసి, సగం ఆరాక అదే రంగు మళ్లీ వేస్తే చాలావరకు కప్పేస్తుంది.

ఇంకును త్వరగా ఆరబెట్టడానికి కలిపే కోబాల్ట్ డ్రయర్ గురించి ఒక మాట. నిమ్మకాయంత ఇంకుకి ఒకటి రెండు చుక్కలు చాలు. ఎక్కువ వేస్తే ఇంకు పలక మీదే గట్టిపడటం మొదలవుతుంది, ప్రింటు మీద పొర గాజులా తయారై తర్వాతి రంగును తోసేస్తుంది. అంటే మొదటి సమస్యకి వేసిన మందు రెండో సమస్యను తెచ్చిపెడుతుంది. వాడితే చివరి పొరలో వాడండి. పైగా అది విషపదార్థం, చేతికి గ్లవ్స్ ఉండాల్సిందే. నన్నడిగితే డ్రయర్ కన్నా పల్చటి పొరే నమ్మకం.

7. రంగు అనుకున్నట్టు రాకపోతే

పొర సరిగ్గానే పడింది, ఛాయ మాత్రం తేడాగా ఉంది. ఇక్కడ చెక్కే కత్తి ముట్టుకోకండి. మీరు ఇంకా చెక్కలేదు గనక, అదే బ్లాక్‌తో అదే చోట ఇంకోసారి అచ్చు వేసే అవకాశం మీకుంది. చెక్కాక ఉండదు.

ఎక్స్‌టెండర్ అని అమ్మే రంగులేని ఇంకులో సవరణ రంగు చాలా కొద్దిగా కలపండి. పసుపు మరీ నిమ్మపండు రంగులో పడి, మామిడిపండు ఛాయ కావాలనుకుంటే, ఎక్స్‌టెండర్‌లో ఎరుపు కత్తి కొనకి అంటినంతే కలిపి పల్చగా వేయండి. ముందు పరీక్ష ముక్క మీద చూడండి. ఎరుపు మరీ మండిపోతుంటే కొద్దిపాటి ఆకుపచ్చ కలిపిన ఎక్స్‌టెండర్ దాన్ని తగ్గిస్తుంది.

ఇంకొన్ని:

- మొదటి ప్రింటుకీ చివరిదానికీ రంగు తేడా. పలక మీద ఇంకు బిగుసుకుంటోంది, లేదా పూత మందం మారుతోంది. బాగా వచ్చిన ఒక ప్రింటును కళ్ల ముందు పెట్టుకుని ప్రతిదాన్నీ దానితో పోల్చండి. రోలర్ ఎన్నిసార్లు తిప్పుతున్నారో లెక్క పెట్టండి.
- రాత్రి బాగుంది, పొద్దున బాలేదు. ట్యూబులైటు కింద రంగు కలపడం వల్ల. కిటికీ దగ్గర పగటి వెలుతురులో కలపండి.
- ప్రింటంతా ప్లాస్టిక్ పూతలా ఉంది. ప్రతి పొరలోనూ తెలుపు కలుపుతున్నారు. కప్పాల్సిన పొరలో మాత్రమే తెలుపు వాడి, మిగతావి ఎక్స్‌టెండర్‌తో పలచబరచండి.
- తెలుపు, లేత నీలం పసుపుబారాయి. చీకటి బీరువాలో ఆరబెడితే అవిసె నూనె పసుపెక్కుతుంది. కొన్నాళ్లు వెలుతురు తగిలేలా ఉంచితే చాలామట్టుకు తగ్గుతుంది.

8. అక్కర్లేని చోట మరకలు

చెక్కిన భాగంలో మిగిలిన సన్న గట్ల మీద ఇంకు ఎక్కి అచ్చవుతుంది. కొందరికి ఆ గీతలంటే ఇష్టం, ఉంచుకోండి. వద్దనుకుంటే గట్లను ఇంకాస్త లోతుగా తీసేయాలి. తాత్కాలికంగా అయితే ఆ భాగం మీద, ఇంకు పూశాక, కాగితం కోసి పరచండి.

గీత పక్కన ఇంకో గీత, నీడలా పడుతుంటే, కాగితాన్ని ప్రతిసారీ ఒకే చోట కూర్చోబెట్టే రిజిస్ట్రేషన్‌ని తిట్టకముందు ఇంకు చూడండి. మందమైన ఇంకు మీద కాగితం జారుతుంది.

9. శుభ్రం చేయడంలో జరిగే తప్పులు

పొర మారేటప్పుడు బ్లాక్‌ను పల్లీ నూనెతోనో సన్‌ఫ్లవర్ నూనెతోనో తుడవడం మంచిదే. కానీ అక్కడితో ఆపేస్తే బ్లాక్ మీద సన్నటి నూనె పొర మిగులుతుంది. ఈ వంట నూనెలు అవిసె నూనెలా గట్టిపడవు. తర్వాతి ఇంకులో కలిసి దాన్ని ఆరనివ్వవు, అచ్చు మచ్చలుమచ్చలుగా పడుతుంది. "ఈసారి ఎందుకో అసలు ఆరట్లేదు" అన్నప్పుడు మొదట అనుమానించాల్సింది దీన్నే.

నూనెతో తుడిచాక, గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసిన తడిబట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో ఆరబెట్టండి. బ్లాక్‌ను నీళ్లలో నానబెట్టకండి. వెనకున్న జనపనార బట్ట తడికి సాగి, ఆరాక ముడుచుకుంటే మీ రిజిస్ట్రేషన్ పోతుంది. కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు అసలొద్దు, అది లైనోని తినేస్తుంది.

అవిసె నూనె, నూనె ఇంకు అంటిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. అవి ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి మూతున్న ఇనుప డబ్బాలో వేయండి, లేదా బయట విడదీసి పరచి పూర్తిగా ఆరాక పారేయండి.

10. ప్రతి పొరకీ ఈ వరుస

ఇది రాసి గోడకి అంటించుకోండి.

1. పరీక్ష ముక్క మీద కాగితం పెట్టి చెంచాతో రుద్ది, కింది పొర ఎంత ఆరిందో చూడండి.
2. కొత్త రంగును ఆ ముక్క మీదే వేలితో తట్టి, పగటి వెలుతురులో చూడండి.
3. చిక్కదనం కత్తితో, పూత మందం రోలర్ చప్పుడుతో చూసుకోండి.
4. వార్తాపత్రిక మీద రెండు ప్రూఫులు (నమూనా అచ్చులు), మంచి కాగితాల్లో అన్నిటికన్నా తక్కువగా వచ్చినదాని మీద ఒకటి.
5. తేడా ఉంటే ఒక్కసారికి ఒక్కటే మార్చండి: ఇంకు, ఒత్తిడి, నూనె, వీటిలో ఏదో ఒకటి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.
6. మిగతా కాగితాలన్నీ, అదనపు వాటితో సహా, పూర్తి చేయండి. పరీక్ష ముక్కల మీదా ఈ రంగు వేయండి, తర్వాతి పొరకి అవి కావాలి.
7. ప్రింట్లన్నీ వేలాడదీసి మర్నాడు పగలు మళ్లీ చూడండి. రంగు సవరణ అవసరమైతే ఇప్పుడే.
8. తృప్తిగా ఉంటేనే తర్వాతి పొరకి చెక్కడం మొదలుపెట్టండి.

మిగిలిన కలిపిన ఇంకును చిన్న డబ్బాలో వేసి, పైన గాలి లేకుండా ప్లాస్టిక్ షీటు అద్ది మూత పెట్టండి. మూత మీద ఏ రంగులు, సుమారుగా ఎంతెంత కలిపారో, ఏ పొరకి వాడారో రాయండి. పైన తొక్క కడితే దాన్ని ముక్కలు చేసి లోపల కలపొద్దు, కత్తితో చుట్టూ కోసి మొత్తంగా ఎత్తి పారేయండి. ఆ తొక్క ముక్క ఒక్కటి రోలర్‌కి అంటినా, శుభ్రం చేసేదాకా ప్రతి ప్రింటులోనూ మచ్చై కనిపిస్తుంది.